వాన తగలని గిడుగు

సోంబరు చేతిలో కత్తి పెడితే వెదురు తనంతట తనే చీలిపోతుందని అరకు సంతలో అనుకునేవారు. వట్టి మాట. వెదురు ఎవరికీ ఊరికే చీలదు. అతని కుడి బొటనవేలు చూసినవాళ్ళకి ఆ సంగతి తెలుసు. గోరు ఉండాల్సిన చోట చెప్పుతోలులా గట్టిపడిన చర్మం ఉండేది. వాళ్ళ కొండ ఊరు పనసగెడ్డలో ఉన్న గడపలన్నిటికీ గిడుగులు అల్లింది అతనే, అతనికి ముందు అతని తండ్రి ఫల్గుణ.

గిడుగంటే తెలియనివాళ్ళుంటారు కాబట్టి చెప్పాలి. నెత్తిన పెట్టుకునే వానగొడుగు. సన్నటి వెదురు బద్దలతో రెండు పొరలు అల్లి, నడుమ అడ్డాకులు పరిచి కుట్టేస్తారు. అంచు భుజాలు దాటి ఉంటుంది. అది పెట్టుకుని మడిలో వంగితే వీపు తడవదు, చేతులు రెండూ ఖాళీగా ఉంటాయి. వానలు వెళ్ళాక పొయ్యి మీది అటకకు వేలాడదీస్తారు. పొగ తాగి తాగి అది పురుగు పట్టకుండా గట్టిపడుతుంది. మొదటి ఏడు పచ్చిగా ఉంటుంది, కొన్నేళ్ళకు చింతగింజ రంగుకొస్తుంది, ఒక మనిషి ముసలివాడయ్యేసరికి నల్లగా నిగనిగలాడుతుంది.

పనసగెడ్డలో దానికి ఇంకో పని కూడా ఉంది. పెళ్ళిలో మగవాడికి ఒక గిడుగు ఇస్తారు. వాడికి అదే చివరిదాకా. ఆకు చిరిగితే ఆకు మారుస్తారు, బద్ద విరిగితే బద్ద వేస్తారు, గిడుగును మాత్రం మార్చరు. పోయాక ఆ గిడుగునే మొహం మీద పెట్టి మోసుకెళ్తారు, పూడ్చాక తలవైపు మట్టి మీద బోర్లిస్తారు. పెద్దల దగ్గరికి వెళ్ళే దారిలో ఎప్పుడూ వానేనట. ఆ పెద్దలకేమో చూపు ఆనదు. వచ్చినవాణ్ణి గిడుగును బట్టి పోల్చుకుని పేరుపెట్టి లోపలికి పిలుస్తారట. పిలుపు రానివాడు ఆ వానలోనే నిలబడాలి. మనం నవ్వుకుంటే నవ్వుకోవచ్చు. ఫల్గుణ నవ్వేవాడు కాదు.

తొంభై ఆరులో, వానలు తగ్గుముఖం పట్టాక, బొర్రా దగ్గర రైలు లైను పక్కన సినిమావాళ్ళు దిగారు. సినిమా అంటే సోంబరు చెవి కోసుకుంటాడు. అరకులో వీడియో వేస్తున్నారంటే పని ఎక్కడిదక్కడ వదిలేసి కొండ దిగేవాడు. పాటలన్నీ నోటికి వచ్చు. బుట్ట అల్లుతూ పాడుతుంటే గంగ, అంటే అతని భార్య, "ఇంటికి బియ్యం నేవు గానీ నోటికి పాటుంది" అని దెప్పేది. అలాంటివాడికి సినిమావాళ్ళు ఇంటి గుమ్మంలోకే వస్తే ఇక చెప్పాలా.

వాళ్ళు వచ్చింది కూడా గిడుగు కోసమే. ఒక పాటలో హీరో కొండవాడి వేషంలో కనబడాలి. ఊళ్ళోంచి కొనుక్కొచ్చిన గిడుగులు చూసి డైరెక్టరు మొహం చిట్లించాడట, ఇవి పెళ్ళివారి కొత్త బుట్టల్లా ఉన్నాయి, వాడి వాడి నల్లబడ్డది తెమ్మన్నాడట. వాళ్ళకి సామానంతా చేరవేస్తున్నది అరకు జీపు డ్రైవరు ధనరాజు. అతనే సినిమా మనిషిని వెంటబెట్టుకుని సోంబరు ఇంటికొచ్చాడు. ఆ మనిషి తలెత్తి అటక వైపు చూశాడు. ఫల్గుణ గిడుగు మీద పడ్డ చూపు మళ్ళీ కిందికి దిగలేదు.

ఫల్గుణ ఇవ్వనన్నాడు. రెండోమాట లేదు. అప్పుడు పట్టుకున్నాడు సోంబరు తండ్రిని. జీపు వెళ్ళిపోయి మళ్ళీ మర్నాడు వచ్చేదాకా వదల్లేదు. "మన గిడుగు హీరో నెత్తిమీదుంటాదయ్యా. ఊళ్ళకూళ్ళు సూత్తాయి. మూడు దినాల్లో తెచ్చి నీ సేతిలో పెడతాను" అన్నాడు. ముసలాయన కొడుకు మొహం చూశాడు. పెళ్ళయి పిల్లలున్నవాడు పసివాడిలా బతిమాలుతున్నాడు. తనే లేచి గిడుగు దించి, పైగుడ్డతో తుడిచి, ధనరాజు చేతికిచ్చాడు. జాగ్రత్త అన్నాడు, అంతే.

మూడు రోజులు అయిపోయాయి. సినిమావాళ్ళు మూటాముల్లే సర్దుకుని హైదరాబాదు వెళ్ళిపోయారు. గిడుగు కూడా వెళ్ళింది. పాటలో సగం అక్కడ సెట్టు వేసి తీస్తారనీ, అదే గిడుగు లేకపోతే ముందుదీ వెనకదీ అతకదనీ, దాన్ని కంటిన్యుటీ అంటారనీ ధనరాజు చెప్పాడు. సోంబరు ఆ మాటను దారంతా వల్లెవేసుకుంటూ ఇంటికి తెచ్చి తండ్రికి అప్పజెప్పాడు. ఆ ఊరు ఎంత దూరమని ఫల్గుణ అడిగాడు.

మరుసటి ఏడు సినిమా వచ్చింది. సోంబరు గంగను తీసుకుని రైలెక్కి ఎస్.కోట వెళ్ళి చూశాడు. పాట మొదలవగానే హాలంతా ఈలలు. కానీ హీరో నెత్తిన ఉన్న గిడుగు చెవులు కూడా దాటడం లేదు, పైగా పసుపు రంగు, చుట్టూ గవ్వలు. మనది కాదు, వేరే బుడ్డది చేయించుకున్నట్టున్నారు, మనది ఎక్కడో దాచి ఉంటారు అనుకున్నాడు సోంబరు. మనదే కోసేశారేమో అంది గంగ. సోంబరుకి ఒళ్ళు మండింది. ముసలోడి గిడుగుని ఎవుడైనా కోత్తాడేటి అని ఆ చీకట్లోనే కసిరాడు. ఆమె మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఆ తరవాత చూడాలి అరకు సంబడం. విశాఖపట్నం నుంచి బస్సుల్లో దిగిన ప్రతి కుర్రకుంకకీ ఆ గిడుగే కావాలి. బొర్రా గుహలు చూసినా చూడకపోయినా, గిడుగు పెట్టుకుని ఫొటో దిగాలి. స్టేషను ఎదురుగా తేనె, చింతపండు, వెదురు సామాను అమ్మే సర్వేశ్వరరావు అనే సావుకారు కొత్త గిడుగులు వరసగా వేలాడదీశాడు. జనం ముట్టుకుని చూసి వదిలేశారు. ఇవి కొత్తవి, సినిమాలోలా ముసలిది కావాలి అన్నారు. బతికున్న ముసలివాళ్ళని ఏ బస్సూ వెతుక్కుంటూ రాదు గానీ, ముసలి గిడుగుకి మాత్రం కార్లు వచ్చాయి.

సర్వేశ్వరరావు సోంబరుని పిలిపించాడు. నల్లబడ్డవి ఎన్నుంటే అన్ని తెమ్మన్నాడు. తండ్రి గిడుగు సంగతి చెప్పుకుంటే భుజం తట్టాడు. "సినిమావాళ్ళంతా నాకు తెలిసినోళ్ళేరా. నువ్వు నా పని చూడు, మీ నాన్నది నేను రప్పిస్తాను" అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని సోంబరు గొడ్డులా చేశాడు. డబ్బు మీద ఆశ లేదని కాదు. ఉంది, ఎందుకుండదు. కానీ తండ్రి రోజూ పొద్దున్నే లేచి ఖాళీ అటక కేసి చూడ్డం అతనికి ముల్లులా గుచ్చుకునేది.

మొదట అమ్మింది తన పెళ్ళి గిడుగే. చేతిలో విద్య ఉంది, ఇంకోటి అల్లుకుంటాను అనుకున్నాడు. ఆ తరవాత గడప గడపకీ తిరిగాడు. ఒక పాత గిడుగిస్తే రెండు కొత్తవి. మీరు పోయేనాటికి ఇవీ నల్లబడతాయి, తొందరేటి అన్నాడు. ఎవరూ కాదనలేదు. ఆ లెక్కలో తప్పు కూడా ఎవరికీ కనబడలేదు. కడుపు నిండుగా ఉన్న ఏడు చావు సంగతి ఎవరికి గుర్తుంటుంది? అందరికంటే పెద్దవాడు అప్పన్న అయితే నవ్వుతూ ఇచ్చాడు, పట్నపోళ్ళకి పిచ్చెక్కిందిరా అని.

సినిమాలో గిడుగు బుడ్డది కదా, మరి వీటి అంచులు కోయాలి. ఇంటి ముందు మొద్దు మీద పెట్టి సోంబరే కోసేవాడు. ముప్ఫై ఏళ్ళ పొగ తాగిన వెదురు కత్తికి అంత తేలిగ్గా లొంగేది కాదు. కోసిన అంచుల్ని గంగ పొయ్యిలో పెట్టేది. వాన ఆపని గిడుగేటి గిడుగు అని ఆమె అడిగింది. కార్లున్నోళ్ళకి వానేటి అన్నాడు.

పాతవన్నీ అయిపోయాయి, అడిగేవాళ్ళు అయిపోలేదు. అప్పుడు సోంబరు కొత్తవాటిని ముసలివి చెయ్యడం మొదలుపెట్టాడు. బుడ్డ గిడుగులు అల్లి, కరక్కాయ రసం పట్టించి, ఇప్పనూనెలో మసి కలిపి రుద్ది, అటక నిండా గబ్బిలాల్లా వేలాడదీసి, కింద పచ్చి కర్రలు పెట్టి పొగపెట్టేవాడు. అక్కడక్కడ ఒక బద్ద కావాలని విరిచి మళ్ళీ అతుకు వేసేవాడు. నెల తిరిగేసరికి ఒక మనిషి జీవితమంతా వాడినట్టు తయారయ్యేవి. ఇల్లు రేకుల ఇల్లయింది, రోజూ వరన్నం వచ్చింది. పొగ మాత్రం ఆ రేకుల కింద నుంచి బయటికి పోయేది కాదు. ఇంటిల్లిపాదీ కళ్ళు తుడుచుకుంటూ తినేవారు.

ఫల్గుణకు చూపు మందగించింది. పొయ్యి పక్కన కూర్చుని, అటక మీంచి దించిన ప్రతి గిడుగునూ చేత్తో తడిమేవాడు. ఒకసారి ఒకదాన్ని పట్టుకుని ఇది నాదే అన్నాడు. సోంబరు పరుగున వచ్చి చూస్తే అది అప్పన్నది. అప్పటినుంచి ముసలాయన మాట ఆ ఇంట్లో చెల్లని కాసు అయిపోయింది.

ఆ వానాకాలంలోనే సర్వేశ్వరరావు ఒక గోనెసంచి పంపాడు. రంగు పోయినవీ, మరకలు పడ్డవీ అందులో ఉన్నాయి, మళ్ళీ నలుపు చేసి పంపమన్నాడు. సోంబరు ఒక్కొక్కటీ గీకి మసి రుద్ది వేలాడదీశాడు. ఒకదానికి పసుపు రంగు ఉంది, గవ్వలు అంటించిన జిగురు మచ్చలున్నాయి. సినిమా చూసి ఎవడో వేసుకున్న రంగులే అనుకుని గట్టిగా గీకాడు. హైదరాబాదులో ఏదో పెద్ద కొట్టుకు సరుకు వెళ్ళే రోజున, అన్నీ దించి సర్దుతుంటే, ఫల్గుణ దాన్ని పట్టుకున్నాడు. మళ్ళీ వదల్లేదు.

"సోంబరా, ఇది నాదిరా. లోపల మీయమ్మ ఏసిన కుట్టుంది, సూడు."

బయట జీపు హారన్ మోగుతోంది. సోంబరు చూడలేదు. చేతిలో ఉన్నది చెవులు దాటని బుడ్డ గిడుగు, తండ్రిది భుజాలు దాటే గిడుగు. ఇంక చూసేదేముంది?

"నీది ఎడల్పయ్యా. నువ్వు ఏది ముట్టుకున్నా నాదే అంటన్నావు" అన్నాడు.

ముసలాయన వేళ్ళు ఒక్కొక్కటీ విడదీయాల్సి వచ్చింది. గంగ చూస్తూ నిలబడింది. ఎస్.కోట హాల్లో తిన్న కసురు గుర్తొచ్చిందో ఏమో, నోరు విప్పలేదు. గిడుగు సంచిలోకి వెళ్ళింది, సంచి జీపెక్కింది. ఆ రోజు తరవాత ఫల్గుణ తనంతట తానుగా ఏ గిడుగునూ తడమలేదు.

సినిమా గాలి ఎంతసేపు? ఇంకో సినిమా వచ్చింది, అందులో హీరో గుడ్డటోపీ వెనక్కి తిప్పి పెట్టుకున్నాడు. ఒక్క వానాకాలంలో అంతా తారుమారు. సర్వేశ్వరరావు కొట్టు ముందు గుడ్డటోపీలు వేలాడాయి. సోంబరు అటక మీద అమ్ముడుపోని దొంగ ముసలి గిడుగులు మిగిలాయి. ఊళ్ళో ఒకటికి రెండు చొప్పున పంచిపెట్టిన కొత్తవి హడావిడిలో అల్లినవి కదా, నల్లబడేదాకా ఆగలేదు, కుళ్ళిపోయాయి. జనం ఎరువుల సంచులు కప్పుకుని మడుల్లో దిగారు. అప్పన్న పోయినప్పుడు మొహం మీద పెట్టడానికి సరైనది దొరక్క, అంచులు ఊడిపోతున్నదే పెట్టి తీసుకెళ్ళారు. ఎవరూ సోంబరుని తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

రెండు వేల మూడు ఎండాకాలంలో ఫల్గుణ మంచమెక్కాడు. జావ కూడా దిగడం లేదు. ఎన్నేళ్ళకో మళ్ళీ అడిగాడు, నా గిడుగొచ్చిందా అని. సర్వేశ్వరరావుని అడిగి అడిగి సోంబరుకి విసుగెత్తింది. ఈసారి తిన్నగా జీపుల స్టాండుకి వెళ్ళి ధనరాజుని పట్టుకున్నాడు. జీపు తుడుచుకుంటున్న ధనరాజు విడ్డూరంగా చూశాడు.

"అదెప్పుడో వొచ్చేసినాది గదరా. హీరో మొగం మీద నీడ పడతందని అంచు కోసేసినారు, పసుపు రంగేసినారు. పనైపోయినాక పంపితే సావుకారి కొట్లో ఇచ్చినాను. నీ గోనెలోనే ఏసి పంపుతానన్నాడు. అందనేదా?"

అందింది. అందింది, గీకబడింది, మసి రుద్దించుకుంది, హైదరాబాదు వెళ్ళింది. ఇప్పుడు ఎవరింటి గోడ మీద ఉందో, ఏ చెత్తకుండీలో పడిందో. సోంబరు సర్వేశ్వరరావు కొట్టు ముందు నుంచే నడిచాడు గానీ లోపలికి వెళ్ళలేదు. వెళ్ళి ఏమని అడుగుతాడు? ముసలాయన వేళ్ళు విడదీసింది సావుకారు కాదు.

ఇంటికొచ్చి అటక మీద మిగిలినవాటిలో మేలైనది దించాడు. తండ్రి చేతుల్లో పెట్టి, వచ్చిందయ్యా అన్నాడు. అబద్ధమే. చచ్చిపోతున్నవాడితో ఆడే అబద్ధానికి పాపం ఉండదని తనకు తనే చెప్పుకున్నాడు. ఫల్గుణ నెమ్మదిగా గిడుగు కొప్పు తడిమాడు, అంచు తడిమాడు, లోపల వేళ్ళు పోనిచ్చి కుట్టు కోసం వెతికాడు.

"ఇది నీ సేతి పని. దీనికి ఒక్క వానైనా తగల్లేదు. ఇది ఎవుడిదీ కాదురా. దీని కింద ఎల్తే నన్ను ఏ పేరెట్టి పిలుత్తారు?"

సోంబరు ఇక దాచలేదు. మొత్తం చెప్పేశాడు. ఆ రోజు నువ్వు పట్టుకున్నది నీదేనయ్యా, నేనే లాక్కుని పంపేశాను అని ఏడ్చాడు. ముసలాయన కోప్పడలేదు. నాకెరుకే అన్నాడు. అంతకంటే చెంపమీద కొట్టినా సోంబరు ఓర్చుకునేవాడు.

తరవాత ఫల్గుణే ఒక దారి చెప్పాడు. కొత్తది అల్లమన్నాడు, వెడల్పుగా. అది తన నెత్తిన ఉండగా ఒక్క వాన కురిస్తే చాలు, అది తనదవుతుంది అన్నాడు. ఆ మాట విని సోంబరు పరిగెత్తి కత్తి అందుకున్నాడు. పండిన వెదురు ఏరి తెచ్చాడు. తొందరపడకుండా, మనసుపెట్టి, ఎన్నో ఏళ్ళుగా అల్లనంత బాగా అల్లాడు. అడ్డాకులు రెండు వరసలు పరిచాడు. లోపలి కుట్టు గంగ వేసింది, అత్తగారు వేసిన పద్ధతిలోనే. మంచాన్ని ఇంటి ముందు పనసచెట్టు కిందికి చేర్చి, ముసలాయన తల కింద గుడ్డమూట పెట్టి, గిడుగు పెట్టారు.

ఇక వాన రావాలి. ఆ ఏడు జ్యేష్ఠం నిప్పులు చెరిగింది. గాలికొండ మీద మబ్బు కనబడితే ఇంట్లోవాళ్ళంతా బయటికొచ్చి చూసేవారు. అది పాడేరు వైపు పోయేది. ఊళ్ళోవాళ్ళు కూడా వచ్చి నిలబడి మబ్బు చూసి వెళ్ళేవారు. ఎవరూ సోంబరుతో మాట్లాడేవారు కాదు గానీ వచ్చేవారు. ఒకరోజు ఉండబట్టలేక సోంబరు వాగు నుంచి కుండతో నీళ్ళు తెచ్చి గిడుగు మీద ధారగా పోశాడు. ఫల్గుణ కళ్ళు తెరవకుండానే తల అడ్డంగా ఊపాడు.

"గెడ్డ నీల్లు నాకు తెలవవేటి" అన్నాడు. అదే అతని ఆఖరిమాట.

ఒక మధ్యాహ్నం దూరంగా ఉరిమింది. గంగ పరిగెత్తుకొచ్చి గిడుగు సరిగ్గా సర్దింది. గాలి లేచింది, పనసాకులు రాలాయి, ఎక్కడో మట్టివాసన కూడా వేసింది. సోంబరు తండ్రి చెవి దగ్గర వంగి, వస్తందయ్యా, బేగి వచ్చేత్తది, కాసేపు ఆగు అన్నాడు. ఆకాశం మీద అరిచే మనిషి కాదు సోంబరు, అయినా ఆ రోజు అరిచాడు. మబ్బు విడిపోయి ఎండ కాసింది. ఫల్గుణ అప్పటికే పోయాడు.

పొడి గిడుగే మొహం మీద పెట్టి, దుమ్ము లేచే బాటలో మోసుకెళ్ళారు. పచ్చి వెదురు వాసన మోసేవాళ్ళందరికీ తగిలింది. పూడ్చి, తలవైపు మట్టి మీద దాన్ని బోర్లించి, చేతులు కడుక్కోవడానికి నీళ్ళు చాలక ఇసకతో రుద్దుకున్నారు.

మూడో రోజున కొడుకు అన్నం పట్టుకెళ్ళి, తండ్రిని పేరుపెట్టి పిలవాలి. అక్కడ పెద్దలు పిలిచారో లేదో తెలుసుకోవడానికట; లోపలికి చేరినవాడైతే ఏదో ఒక అలికిడి బదులొస్తుందట. సోంబరు ఆకులో అన్నం పెట్టుకుని బయల్దేరాడు. గెడ్డ దాటేసరికి వాన మొదలైంది, మామూలు వాన కాదు, కొండలు కనబడనంత వాన. అన్నం ఆకులోనే నీళ్ళయిపోయింది. మట్టి మీద గిడుగు పసుపుపచ్చగా మెరుస్తోంది. చినుకులు దాని మీద పడి జారిపోతున్నాయి. ఎంత బాగా అల్లాడో, కింద మట్టి ఒక్క చుక్క కూడా తడవలేదు.

సోంబరు నిలబడి, జన్మలో మొదటిసారి తండ్రిని పేరుపెట్టి పిలిచాడు. గట్టిగా ఇంకోసారి పిలిచాడు. వాన చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. అప్పుడు తడిసిన జుట్టు మొహం మీంచి తోసుకుంటూ నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. తనకూ గిడుగు లేదని అతనికి అప్పుడు గుర్తొచ్చింది.